ఫోటోగ్రఫీ వ్యాపారం: గ్యాలరీకి వచ్చిన జనం వెబ్‌సైట్‌కు ఎందుకు రావడం లేదు?

క్లుప్తంగా

తీసిన ఫోటోలను కస్టమర్‌కు ఒక లింకు ద్వారా చూపించి, కావలసినవి ఎంపిక చేయించుకునే పద్ధతే ఆన్‌లైన్ ప్రూఫింగ్. చాలా స్టూడియోలు దీన్ని డెలివరీ పనిగా చూస్తాయి. వెబ్‌సైట్‌కు జనాన్ని రప్పించడాన్ని ప్రచారం పనిగా చూస్తాయి. రెండింటికీ వేర్వేరు ఖర్చు, వేర్వేరు మనుషులు. దాంతో ఒక విచిత్రం జరుగుతోంది. ఫోటోగ్రాఫర్ పనిని అందరికన్నా ఎక్కువసేపు, ఇష్టంగా చూసేవాళ్లు గ్యాలరీకి వచ్చి, తీసిందెవరో కూడా గమనించకుండా వెళ్లిపోతున్నారు. మరోవైపు కొత్తవాళ్ల కోసం ప్రకటనల మీద డబ్బు పోస్తూనే ఉన్నారు. ప్రూఫింగ్ ముందుగా తగ్గించేది ఆలస్యాన్ని. అమ్మకం పెరగడం ధరలు పెట్టిన తీరును బట్టి ఉంటుంది. కొత్త బుకింగ్‌లు రావడం గ్యాలరీకీ వెబ్‌సైట్‌కీ మధ్య దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రూఫ్‌కు మొదట్లో రెండు పనులు

ఫిల్మ్ రోజుల్లో 35 ఎంఎం రోల్‌కు 36 ఫ్రేములు. కడిగిన ఫిల్మును ఆరు ఫ్రేములకో ముక్క చొప్పున కత్తిరించి, 8×10 అంగుళాల కాగితం మీద పరిచి ఒకేసారి ప్రింటు వేస్తే కాంటాక్ట్ షీట్ వచ్చేది. ఒక్కో బొమ్మ నెగెటివ్ ఎంత ఉంటే అంతే. భూతద్దం పెట్టి చూసి, నచ్చిన ఫ్రేము చుట్టూ మైనపు పెన్సిల్‌తో గీత గీసేవారు.

పోర్ట్రెయిట్ స్టూడియోల పద్ధతి ఇంకాస్త గడుసుది. కస్టమర్ ఇంటికి తీసుకెళ్లి చూసుకోవడానికి ఇచ్చే ప్రూఫులను ఒక ప్రత్యేకమైన కాగితం మీద, బొమ్మను నిలిపి ఉంచే రసాయనమైన ఫిక్సర్‌లో ముంచకుండా ఇచ్చేవారు. వెలుతురు తగిలేకొద్దీ ఆ కాగితం ముదురు రంగుకు తిరిగేది, బొమ్మ మసకబారిపోయేది. చూసుకోవడానికి పనికొస్తుంది, దాచుకోవడానికి పనికిరాదు. బొమ్మ కావాలంటే ఆర్డర్ ఇవ్వాల్సిందే.

అంటే ప్రూఫ్ ఎంపిక చేయించేది, పైగా అసలు సరుకు ఇది కాదని గుర్తు చేసేది. డిజిటల్‌లో మొదటి పని తేలికైంది. రెండోది దాదాపు కూలిపోయింది. ఇప్పుడు చాలామంది ఫోటోను చూసేదీ పంచుకునేదీ దాచుకునేదీ ఫోన్‌లోనే కాబట్టి, ప్రూఫ్‌గా పంపిన చిన్న ఫైలే వాళ్లకు సరిపోతుంది. ఆన్‌లైన్ ప్రూఫింగ్ చుట్టూ ఉన్న గందరగోళంలో సగం ఇక్కడే పుడుతోంది. ఎంపికకు బాగా పనికొస్తోంది కదా అని, అమ్మకానికి కూడా అంతే బాగా పనికొస్తుందని అనుకుంటున్నారు.

సెలెక్షన్ దగ్గర పని ఎందుకు ఆగిపోతుంది

ఆల్బమ్ ఆలస్యమైతే కస్టమర్ స్టూడియోను తప్పుపడతారు. స్టూడియో వాళ్లనడిగితే సెలెక్షన్ ఇంకా రాలేదంటారు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. తప్పు మధ్యలో ఉన్న పద్ధతిది.

హార్డ్‌డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో మూడు వేల ఫోటోలు ఇచ్చి, నచ్చినవాటి నంబర్లు రాసి పంపమనడం ఇప్పటికీ ఉన్న అలవాటు. దానికి కంప్యూటర్ ముందు తీరిగ్గా కూర్చోవాలి. కొన్ని వందలు చూసేసరికి విసుగొస్తుంది. మళ్లీ మొదలుపెట్టేసరికి ఎక్కడ ఆపారో గుర్తుండదు. రాసిపెట్టుకున్న కాగితం ఎక్కడుందో అంతకన్నా గుర్తుండదు.

రెండో దారి వాట్సాప్. ఇక్కడ నాణ్యత తగ్గుతుందన్న మాట అందరూ అంటారు గానీ, స్టూడియోకు అంతకన్నా పెద్ద చిక్కు ఫైలు పేరు పోవడం. కెమెరాలో డీఎస్‌సీ_4821 అని ఉన్న ఫైలును మామూలు ఫోటోగా పంపితే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో అది తేదీ, డబ్ల్యూఏ అనే అక్షరాలు, ఓ వరుస సంఖ్య కలిసిన కొత్త పేరుతో సేవ్ అవుతుంది. ఎప్పుడు తీశారు, ఏ కెమెరాతో తీశారు వంటి లోపలి సమాచారమూ పోతుంది. కస్టమర్ వాటిలోంచి అరవై ఏరి ‘ఇవి బాగున్నాయి’ అని తిరిగి పంపితే, స్టూడియోలో ఒకరు కూర్చుని ఒక్కోదాన్నీ కంటితో పోల్చి అసలు ఫైలు వెతకాలి. వరసగా నొక్కిన ఎనిమిది ఫ్రేముల్లో కస్టమర్ మెచ్చింది ఏదో ఆ చిన్న బొమ్మను బట్టి తేల్చడం ఎంత టెన్షనో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. స్క్రీన్‌షాట్ తీసి దాని మీద హార్ట్ గుర్తు పెట్టి పంపేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇది శ్రమతో ముగిసే సమస్య కాదు, డబ్బు సమస్య కూడా. సెలెక్షన్ రాకపోతే డిజైన్ మొదలవదు, ప్రింటింగ్‌కు వెళ్లదు, చివరి వాయిదా చేతికి రాదు. కిందటి సీజన్ బ్యాలెన్స్ ఈ సీజన్ దాకా నిలిచిపోతే, పని ఎంత ఉన్నా చేతిలో డబ్బు ఆడదు. కొత్త బుకింగ్‌ల అడ్వాన్స్‌తో పాత ఆల్బమ్‌ల ప్రింటింగ్ ఖర్చు గట్టెక్కించే పరిస్థితి వస్తుంది. చిన్న స్టూడియోల ఇబ్బందులకు కస్టమర్లు లేకపోవడమే కాదు, ఈ ఆలస్యం కూడా ఒక కారణం.

గ్యాలరీ మార్చేది ఏమిటి

ఈ పని కోసం ప్రత్యేకమైన సేవలు చాలా ఉన్నాయి. స్మగ్‌మగ్ 2002లోనే మొదలైంది. ఫోటోషెల్టర్, షూట్‌ప్రూఫ్, పిక్సీసెట్, పిక్-టైమ్ వంటివి తర్వాత వచ్చాయి. సదుపాయాల్లో తేడాలున్నా మూలసూత్రం ఒకటే: ఫోటో ఎంత చిన్నదిగా కనిపించినా దాని అసలు పేరు దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. కస్టమర్ ఫోన్‌లో చూస్తూ నచ్చినదాని మీద హార్ట్ నొక్కితే ఒక జాబితా తయారవుతుంది. మధ్యలో ఆపినా పోదు. పూర్తయ్యాక ఫోటోగ్రాఫర్‌కు ఫైలు పేర్ల జాబితా అందుతుంది. దాన్ని కాపీ చేసి ఫోటోలు సర్దుకుని, ఎడిట్ చేసుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో వెతికే చోట అతికిస్తే, ఎంపికైన ఫోటోలన్నీ ఒకేసారి బయటికొస్తాయి. ఒక రోజు పని కాస్తా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

అయితే ఇది సాఫీగా జరగాలంటే ముందు చేయాల్సిన ఇంటిపని ఒకటుంది. చాలా కెమెరాల్లో ఫైలు నంబరు 9999 దాటాక మళ్లీ 0001కి వస్తుంది. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఒకే కంపెనీ కెమెరాలు వాడితే, ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫోటోలు ఉండే అవకాశం బాగా ఉంది. అప్పుడు జాబితాలోని 4821 ఎవరిదో తెలియదు. అందుకే కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడే తేదీ, సమయం, కెమెరా గుర్తు కలిపి పేర్లు మార్చాలి. గ్యాలరీలో పెట్టింది జేపెగ్, చేతిలో ఉన్నది కెమెరా నేరుగా దాచిన రా ఫైలు కాబట్టి, జాబితా అతికించే ముందు పేర్ల చివరి జేపీజీ తీసేయాలి. చిన్న విషయాలే. గ్యాలరీ పెట్టినా పని తగ్గలేదని వాపోయే చోట చాలావరకు అడ్డం తగిలేవి ఇవే.

ఎంపిక చేసేది ఒక్కరే అయిన సందర్భాలు తక్కువ. పెళ్లి ఫోటోలైతే దంపతులిద్దరికీ, రెండు కుటుంబాలకూ అభిప్రాయాలుంటాయి. కంపెనీ ఫోటోలైతే ప్రచార విభాగం ఒకటంటుంది, పై అధికారి మరొకటంటారు. అందరూ ఒకే జాబితాలో నొక్కితే ఒకరు పెట్టిన గుర్తును ఇంకొకరు తీసేస్తారు, గొడవ తిరిగి స్టూడియో దగ్గరికే వస్తుంది. ఎవరి జాబితా వాళ్లకు విడిగా ఉండి, చివరి మాట ఎవరిదో ముందే రాసుకున్న చోట ఎంపిక త్వరగా తెగుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేది కాదు, ఒప్పందంలో ఉండాల్సిన వాక్యం.

ఎన్ని ఫోటోలు చూపించాలన్నది మరో ప్రశ్న. ఎంపికలు మరీ ఎక్కువైతే మనిషి ఏదీ తేల్చుకోడన్న వాదనకు తరచూ చెప్పే సాక్ష్యం 2000లో మనస్తత్వ పరిశోధకులు షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ ప్రచురించిన జామ్ ప్రయోగం. 24 రకాలు పెట్టినప్పుడు ఆగి చూసినవారిలో సుమారు 3 శాతం కొన్నారు, 6 రకాలే పెడితే సుమారు 30 శాతం కొన్నారు. కానీ 2010లో ఇలాంటి ప్రయోగాలు అనేకం కలిపి చూసిన విశ్లేషణలో సగటు ప్రభావం దాదాపు సున్నాగా తేలింది. కాబట్టి ఫోటోలు తగ్గిస్తే చాలు, అమ్మకం పెరుగుతుందని చెప్పడం తొందరపాటే. గ్యాలరీలో మనిషిని అలసటకు గురిచేసేది మొత్తం సంఖ్య కన్నా పోలిక. ఒకే భంగిమలో ఆరు ఫోటోలుంటే ప్రతిదాన్నీ మిగతా ఐదింటితో తూకం వేయాల్సి వస్తుంది. ఆ ఆరింటిలో రెండు మాత్రమే మిగిల్చి, వేర్వేరు సందర్భాలవి నాలుగు వందలు పెట్టినా చూసేవాళ్లకు బరువనిపించదు. ఆ ఏరివేత ఫోటోగ్రాఫర్ చేయాల్సిన పని. దాన్ని కస్టమర్ నెత్తిన వేయడమే ఆలస్యానికి మొదటి మెట్టు.

అమ్మకాలు పెరుగుతాయా?

ఇక్కడ రెండు ధరల పద్ధతులను వేరుచేసి చూడాలి. మొదటిది మొత్తం ప్యాకేజీ. షూట్, ఎడిటింగ్, ఫైళ్లు, ఆల్బమ్ అన్నీ ముందే మాట్లాడుకున్న రేటులోనే వస్తాయి. రెండోది, తీసినందుకు తక్కువ తీసుకుని తర్వాత ఫైళ్లు, ప్రింట్లు, ఫ్రేములు విడిగా అమ్మడం. మొదటి పద్ధతిలో గ్యాలరీ ఎంపిక సాధనమే. పూర్తి సైజు ఫైళ్లు ఎలాగూ చేతికొస్తాయని తెలిసిన కస్టమర్ గ్యాలరీలోని దుకాణంలో ప్రింటు కొనడానికి కారణం కనిపించదు. ఈ పద్ధతిలో ఉన్నవాళ్లు ‘ఆన్‌లైన్ స్టోర్ పెట్టాం, ఒక్క ఆర్డరూ రాలేదు’ అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండో పద్ధతిలోనే గ్యాలరీ నిజంగా దుకాణమవుతుంది.

స్కూలు ఫోటోలు, క్రీడల పోటీలు, పరుగు పందేలు దీనికి బాగా సరిపోతాయి. వేలమంది కొనుగోలుదారులు, ఒక్కొక్కరికి కావలసినవి రెండు మూడు ఫోటోలు, వాళ్లతో ముఖాముఖి కూర్చునే వీలుండదు. పోటీదారు నంబరు కొట్టగానే తన ఫోటోలు కనిపిస్తే కొనాలనిపించేది అప్పుడే. నెల తర్వాత అదే లింకుకు ఆ ఊపు ఉండదు. ఒక కుటుంబం పోర్ట్రెయిట్ విషయంలో లెక్క తిరగబడుతుంది. స్టూడియోలో కూర్చోబెట్టి పెద్ద తెర మీద చూపించి, ఏ గోడకు ఏ సైజు నప్పుతుందో మాట్లాడితే పెద్ద ఆర్డర్లు వస్తాయి. అరచేతిలోని తెర మీద చూసినవాళ్లకు గోడంత ఫ్రేము ఊహకు రాదు. అయితే అలా ఎదురుగా అమ్మడానికి ప్రతి కస్టమర్‌కూ గంట, రెండు గంటల సమయం, అమ్మే నేర్పూ ఉండాలి. ఆన్‌లైన్ గ్యాలరీ అమ్మకపు విలువను తగ్గించినా ఆ సమయాన్ని మిగులుస్తుంది. ఏది లాభమో కస్టమర్ల సంఖ్యే తేలుస్తుంది.

ఉచితంగా వాడేసుకుంటారన్న భయం సంగతి పిక్సెళ్లలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. గ్యాలరీలో 2048 పిక్సెళ్ల పొడవున్న ఫైలు పెడితే, అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 6.8 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. అంటే 4×6 సైజు నిక్షేపంగా వచ్చేస్తుంది. 1200 పిక్సెళ్లకు తగ్గిస్తే 4 అంగుళాలే. తెర మీద రెండూ బాగానే కనిపిస్తాయి. ఫోటో మీద స్టూడియో పేరును లేతగా ముద్రించే వాటర్‌మార్క్ ఇంకో అడ్డుకట్ట గానీ, గట్టిది కాదు. ఒకే వాటర్‌మార్క్ వందల ఫోటోల మీద ఒకేలా ఉంటే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టి చెరిపేయగలదని గూగుల్ పరిశోధకులు 2017లోనే చూపించారు. ఏఐ ఎడిటింగ్ వచ్చాక ఆ పని మరీ సులువైంది. పైగా ముఖాల మీదుగా పెద్ద అక్షరాలుంటే కస్టమర్‌కు ఎంపికే కష్టమవుతుంది. ఆపలేని దొంగతనాన్ని ఆపబోయి కొనేవాళ్లకు చిరాకు తెప్పించడం మంచి బేరం కాదు.

వెబ్‌సైట్‌కు వచ్చేది ఒకే రకం జనం కాదు

సైట్‌కు ఎంతమంది వచ్చారో చెప్పే ట్రాఫిక్ అనే ఒక్క అంకె వెనక కనీసం మూడు గుంపులున్నాయి.

సెర్చ్ నుంచి వచ్చేవాళ్లకు అవసరం ఉంది, నమ్మకం లేదు. ‘ఫలానా చోట పెళ్లి ఫోటోగ్రాఫర్’ అని వెతికినవారు ఐదారు సైట్లు తెరుస్తారు, పోలుస్తారు. స్థానిక ఫలితాలకు గూగుల్ స్వయంగా చెప్పే అంశాలు మూడు: వెతికినదానితో సంబంధం, దూరం, ప్రాముఖ్యం. దూరాన్ని ఎవరూ మార్చలేరు. కాబట్టి ఊరవతలి స్టూడియోను నగరమంతా మొదటి స్థానంలో నిలబెడతామని మాటిచ్చేవాళ్లను అనుమానించాల్సిందే. మిగిలిన రెండింటికీ పూర్తి వివరాలున్న గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, నిజమైన రివ్యూలు, సైట్‌లో చదవడానికి అక్షరాలు కావాలి.

ఈ చివరిదే ఫోటోగ్రాఫర్ల సైట్లలో తక్కువ. బొమ్మలే మాట్లాడతాయన్న నమ్మకంతో పేజీ నిండా ఫోటోలు పెట్టి, కింద ఫోన్ నంబరు రాసి ఊరుకుంటారు. మనుషుల వరకు అది నిజమే కావచ్చు. సెర్చ్ ఇంజిన్ మాత్రం ఆ పేజీ దేని గురించో తేల్చుకోవడానికి ప్రధానంగా శీర్షికలు, పేరాలు, ఫైలు పేర్లు, ఫోటో వెనక రాసే ఆల్ట్ వివరణ చూస్తుంది. ‘వర్షంలో గొడుగు కింద నవదంపతులు’ అనేది మంచి వివరణ. ‘బెస్ట్ పెళ్లి ఫోటోగ్రాఫర్ పెళ్లి ఫోటోలు’ అనేది వివరణ కాదు, చూపులేనివారు తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వింటే వాళ్లకు శిక్ష. ఒక్కో షూట్ మీద ఒక్కో పేజీ రాసి, అది ఎలాంటి చోటు, వెలుతురు ఎటు నుంచి ఉంది, వాన వస్తే ఏం చేశారు అని నాలుగు పేరాల్లో చెప్పిన సైట్లకు అదే చోటు గురించి వెతికేవాళ్లు వస్తారు.

ఇమేజ్ సెర్చ్ సంగతి వేరు. 2018 ఫిబ్రవరిలో గూగుల్ ‘వ్యూ ఇమేజ్’ బటన్‌ను తీసేశాక, ఫోటో కావలసినవారు పేజీలోకి రావాల్సి వస్తోంది. 2020 ఆగస్టు నుంచి లైసెన్స్ వివరాలున్న ఫోటోల మీద ప్రత్యేక గుర్తు కూడా కనిపిస్తోంది. ఫోటో హక్కులు అమ్మేవారికి ఇవి లాభం. పెళ్లిళ్లు తీసేవారికి ఇలా వచ్చే జనంలో బుకింగ్ చేసేవాళ్లు అరుదు. అంకె మాత్రం ఘనంగా కనిపిస్తుంది.

సోషల్ మీడియా నుంచి వచ్చేవాళ్లకు ఇష్టం ఉంది గానీ అప్పటికి అవసరం లేదు. పైగా వేదిక వాళ్లను బయటికి వదలడానికి తొందరపడదు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. ప్రొఫైల్‌లో ఒకటికి మించి లింకులు పెట్టుకోనిచ్చింది కూడా 2023 ఏప్రిల్‌లోనే.

మూడో గుంపు గ్యాలరీది. ఒక వేడుక లింకును బంధువులు, స్నేహితులు తెరుస్తారు. వాళ్లు ఆ ఫోటోగ్రాఫర్ పనిచేస్తుండగా కళ్లారా చూసినవాళ్లు. ఏరి కోరి పెట్టిన ఇరవై ఫోటోలు కాదు, మొత్తం పనిని చూస్తున్నారు. ఫోటోల్లో తమకు తెలిసినవాళ్లున్నారు కాబట్టి నిమిషాల తరబడి చూస్తారు. వారిలో కొందరికి ఏడాది, రెండేళ్లలో ఇలాంటి అవసరమే వస్తుంది. ప్రకటనలతో కొనలేని నమ్మకం ఇది.

గ్యాలరీ నుంచి దారి ఎక్కడ తెగుతోంది

మొదటి తెగుడు చిరునామాలో ఉంది. గ్యాలరీ సేవ కంపెనీ పేరుతోనే లింకు ఉంటే చూసినవాళ్లకు ఆ కంపెనీ పేరు గుర్తుంటుంది. చాలా సేవలు స్టూడియో సొంత డొమైన్ (వెబ్ చిరునామా) కింద గ్యాలరీని నడుపుకోనిస్తాయి. స్టూడియో పేరు, ముఖ్య సైట్‌కు లింకు, ఎన్‌క్వైరీకి ఒక చిన్న బటన్ ప్రతి గ్యాలరీ అడుగునా ఉంటే చాలు. అంతకు మించితే కస్టమర్ సొంత ఫోటోల మధ్య ప్రకటనలా ఉంటుంది.

రెండోది గడువు. మూడు నెలల తర్వాత గ్యాలరీ మూసేయడం మంచి అలవాటే. గడువు దగ్గరపడుతోందన్న కబురు వెళ్లాక చాలామంది ఎంపిక పూర్తి చేస్తారు. కానీ మూసేశాక ఆ లింకు నొక్కినవారికి ‘పేజీ లేదు’ అని మాత్రమే కనిపిస్తే, ఆలస్యంగా వచ్చిన మనిషి అక్కడినుంచి అటే పోతాడు. అదే చోట ఎవరు తీశారో, ఎలా సంప్రదించాలో చెప్పే రెండు వాక్యాలుంటే ఆ లింకు ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

మూడోది గోప్యత. కస్టమర్ ఫోటోలు సెర్చ్‌లో కనిపించకూడదు, ఇందులో రెండో మాట లేదు. దీనికి చాలామంది సెర్చ్ ఇంజిన్లకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైలులో ఆ పేజీలను నిషేధిస్తారు. అది ఆ పేజీని చదవొద్దని మాత్రమే చెబుతుంది. వేరే చోట ఆ లింకు కనబడితే చిరునామా సెర్చ్ ఫలితాల్లోకి రావచ్చు. ఫలితాల్లోంచి తప్పించేది పేజీలో పెట్టే నోఇండెక్స్ ఆదేశం. తమాషా ఏమిటంటే రోబోట్స్ ఫైలు అడ్డుపడితే సెర్చ్ ఇంజిన్ ఆ ఆదేశాన్ని చదవనే చదవదు. నిజమైన రక్షణ పాస్‌వర్డే. నాలుగంకెల పిన్‌కు పదివేల అవకాశాలే ఉంటాయి కాబట్టి, తప్పు ప్రయత్నాలను ఆపే ఏర్పాటు లేకపోతే అదీ బలహీనమే.

ఇలా దాచిన గ్యాలరీ వల్ల సెర్చ్ ర్యాంకు పెరగదు. పెరిగేది మనుషుల రాకపోకలు. ఆ షూట్‌లోని కొన్ని ఫోటోలను కస్టమర్ రాతపూర్వక అనుమతితో బహిరంగ పేజీగా పెట్టి, దానికి గ్యాలరీ నుంచి లింకు ఇస్తే రెండు వైపులా ప్రయోజనం. అనుమతి అడగడానికి సరైన సమయం సెలెక్షన్ పూర్తయి కస్టమర్ సంతోషంగా ఉన్నప్పుడు. ఒప్పందం అడుగున చిన్న అక్షరాల్లో రాయించుకున్న అనుమతి తర్వాత మనస్పర్థలకు దారితీస్తుంది.

బరువైన ఫోటోలు, ఆగని జనం

24 మెగాపిక్సెల్ ఫైలు 6000×4000 పిక్సెళ్లు. దాన్ని అలాగే సైట్‌లో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మొదటి పేజీలో ఒక్కోటి 3 ఎంబీ చొప్పున ఐదు ఫోటోలు తిరిగే స్లైడర్ ఉందనుకుంటే మొత్తం 15 ఎంబీ. సెకనుకు 10 మెగాబిట్ల వేగం ఉన్న ఫోన్‌లో అది దిగడానికి 12 సెకన్లు. పేజీలోని ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలమానం. నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు ఉండాలన్న కొలత 2024 మార్చిలో ఇందులో చేరింది. ఫోటోకు పొడవు, వెడల్పు ముందే రాయకపోతే అది దిగేటప్పుడు పేజీ కిందికి జారుతుంది, వేలు ఒకచోట పెడితే ఇంకోటి నొక్కుకుంటుంది. దానికీ ఒక కొలత ఉంది.

సరిచేయడం కష్టం కాదు. తెరకు సరిపడా సైజు, వెబ్‌పీ వంటి తేలిక ఫార్మాట్, అన్ని తెరల మీదా దాదాపు ఒకేలా కనిపించే ఎస్ఆర్‌జీబీ రంగులు. కింద ఉన్న ఫోటోలు ఆలస్యంగా దిగేలా పెట్టడం మంచిదే గానీ, అదే నియమాన్ని అన్నిటికన్నా పైనున్న ఫోటోకు కూడా పెట్టి పేజీని ఇంకా నెమ్మది చేసుకునేవాళ్లు కనిపిస్తుంటారు. వేగం ఒక్కటే ర్యాంకును పెంచదు. సాటి సైట్లతో సమానంగా ఉన్నప్పుడు కాస్త మొగ్గు ఇస్తుందంతే. కానీ వచ్చిన మనిషి ఆగడానికి మాత్రం అదే మొదటి షరతు.

లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయి

ఊహకు ఒక నెల తీసుకుందాం. సైట్‌కు 800 సందర్శనలు, 8 ఎన్‌క్వైరీలు. పైకి 1 శాతం. వాటిలో 600 గ్యాలరీ ద్వారా వచ్చినవి, అడిగినవాళ్లు ఇద్దరు. 200 సెర్చ్ నుంచి వచ్చినవి, అడిగినవాళ్లు ఆరుగురు. మరుసటి నెల షూట్‌లు తగ్గి గ్యాలరీ సందర్శనలు 100కి పడిపోయాయి, సెర్చ్ అలాగే ఉంది. ఇప్పుడు మొత్తం 300, ఎన్‌క్వైరీలు 6, అంటే 2 శాతం. సైట్‌లో ఏమీ మారలేదు. అయినా ఫలితం రెట్టింపైనట్టు, జనం సగానికి పైగా తగ్గినట్టు కనిపిస్తుంది. ఒకటి సంబరానికి, రెండోది కంగారుకు కారణమవుతుంది. రెండూ అనవసరమే.

గ్యాలరీ జనం వల్ల లాభం లేదని ఈ అంకెల్ని చూసి తేల్చడం ఇంకో పొరపాటు. ఇవాళ గ్యాలరీ చూసిన మనిషి పది నెలల తర్వాత స్టూడియో పేరు గుర్తు తెచ్చుకుని గూగుల్‌లో కొడతాడు. లెక్కల్లో ఆ రాక సెర్చ్ ఖాతాలో పడుతుంది. స్టూడియో పేరుతో వెతికి వచ్చినవారిని, పేరు తెలియక వెతికి వచ్చినవారిని గూగుల్ సెర్చ్ నుంచి ఏ మాటలతో వచ్చారో చూపించే సెర్చ్ కన్సోల్‌లో విడదీసి చూస్తే ఈ తేడా బయటపడుతుంది. ఎన్‌క్వైరీ ఫారంలో ‘మా గురించి ఎలా తెలిసింది?’ అన్న ఒక్క గడి అంతకన్నా సూటిగా చెబుతుంది.

గ్యాలరీ ఈమెయిల్ తెరిచారా లేదా అన్న అంకెను కూడా నమ్మడానికి లేదు. 2021 సెప్టెంబరులో ఆపిల్ మెయిల్‌లో వచ్చిన గోప్యతా ఏర్పాటు, మనిషి చూడకపోయినా మెయిల్‌లోని బొమ్మలను ముందే దించేస్తుంది. దాంతో తెరిచినట్టే నమోదవుతుంది. చూశారనుకుని గుర్తుచేయకుండా ఊరుకుంటే సెలెక్షన్ అక్కడే నిలిచిపోతుంది. లెక్కించాల్సింది మొదటి హార్ట్ ఎప్పుడు పడింది, జాబితా ఎప్పుడు పూర్తయింది అన్నవి.

మున్ముందు

సెర్చ్ ఫలితాల పైనే ఏఐ జవాబు ఇచ్చే పద్ధతిని గూగుల్ 2024 మేలో అమెరికాలో విస్తృతంగా మొదలుపెట్టింది, తర్వాత ఇతర దేశాలకు తెచ్చింది. ‘ఫోటోషూట్‌కు ఏ రంగు దుస్తులు’ వంటి సాధారణ వ్యాసాలతో జనాన్ని రప్పించుకున్న సైట్లకు దీనివల్ల నష్టం ఎక్కువ. ఫలానా చోట ఫలానావారు తీసిన పనిని చూడాలనుకునే మనిషికి మాత్రం సారాంశం సరిపోదు. కాబట్టి సొంత షూట్‌ల పేజీలకు దెబ్బ తక్కువ తగిలే అవకాశం ఉంది.

గ్యాలరీల్లో ముఖాన్ని బట్టి ఎవరి ఫోటోలు వారికి చూపించే సదుపాయం పెరుగుతోంది. పెద్ద వేడుకల్లో అది నిజంగా ఉపయోగం. ఎవరి ముఖపు కొలతలు ఎవరి అనుమతితో దాస్తున్నారన్నది మాత్రం చట్టం దాకా వెళ్లే విషయం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లోనే దీనికి చట్టం చేసింది, ఆ చట్టం కిందే ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. వేడుకకు పిలిచినవారు ఒప్పుకున్నంత మాత్రాన వచ్చిన అతిథులంతా ఒప్పుకున్నట్టు కాదు.

మిగిలింది ఒకే సేవ మీద ఆధారపడటం. 2018 ఏప్రిల్‌లో స్మగ్‌మగ్ ఫోటోలు పెట్టుకునే సైటు ఫ్లికర్‌ను కొన్నది. అదే ఏడాది నవంబరులో ఉచిత ఖాతాలకు 1,000 ఫోటోల పరిమితి ప్రకటించింది. అప్పటిదాకా అక్కడే అన్నీ పెట్టుకున్నవారు డబ్బు కట్టడమో, ఫోటోలు దించుకుని వెళ్లడమో తేల్చుకోవాల్సి వచ్చింది. గ్యాలరీ సేవల్లో రేట్లు, నిల్వ పరిమితులు ఎప్పుడైనా ఇలాగే మారవచ్చు. సొంత డొమైన్ మీద నడిపిన గ్యాలరీలైతే సేవ మార్చినా పాత లింకులను కొత్త చోటికి మళ్లించుకోవచ్చు. కంపెనీ పేరు మీదున్న లింకులకు ఆ వీలు లేదు. అప్పటికే అవి కొన్ని వందల కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఉండిపోయి ఉంటాయి.